అచ్చుతప్పుల బొంతలు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి బొంతల పిన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తుంది. పదకొండుకల్లా తిరిగి వస్తుంది. ఈలోగా ఆమె భర్త ఆరు కొత్త బొంతల్నీ వసారాలో వెలుతురుకు పరిచి, ఎక్కడైనా తప్పు కనిపిస్తే గుర్తు పెట్టి ఉంచుతాడు. ఆవిడ వచ్చి సరిచేస్తుంది. రెండింటికి వ్యాను వచ్చి బొంతల్ని కొట్టుకు పట్టుకెళ్తుంది. ఆ తర్వాత ఇద్దరూ స్థిమితంగా టీ తాగుతారు. కాకపోతే ఆవిడ ఎడమ బుగ్గతో తాగకూడదు.

"గుర్తు పెట్టడం వరకే మీ పని," అంది పిన్ని, వాచిన బుగ్గకి చెయ్యి ఆనించి గడపలో నిలబడి. "విప్పడం, కుట్టడం అన్నీ నేనొచ్చాకే."

"ఆమాత్రం నాకు తెలీదా?"

"తెలుసు కాబట్టే చెబుతున్నాను. పోయినసారి మీరు సాయం చేద్దామని కుట్టిన మూలని విప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది."

ఆయన్ని వీధిలో అందరూ అచ్చుతప్పు బాబాయి అంటారు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది కిందటేడు రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. మొదటి నెలంతా మందుసీసాల మీది కాగితాలు, కరెంటు బిల్లు, ఎదురింటి 'ఇల్లు అద్దెకు' బోర్డు దిద్దాడు. పక్కింటివాళ్ళు పిల్లవాడి పుట్టినరోజుకి పంపిన పిలుపు కాగితంలో మూడు తప్పులు దిద్ది, సరిచూసుకొమ్మని వాళ్ళకే తిరిగి పంపాడు. ఆ పుట్టినరోజుకి వెళ్ళడం కుదరలేదు. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఆ తర్వాత ఆయన కంటపడేలా కాగితం ముక్క కూడా ఉంచడం అందరూ మానేశారు. రెండో నెల ఆయన కుర్చీలో కూర్చుని గోడకేసి చూడటం మొదలుపెట్టాడు. ఆ గోడ మీద ఒక్క అక్షరం కూడా లేదు.

పిన్ని పదిరోజులు చూసింది. పదకొండో రోజు అప్పుడే ముగించిన బొంత తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"కుట్టీ కుట్టీ నాకు అన్ని ముక్కలూ ఒకేలా కనిపిస్తున్నాయి. మీ కళ్ళతో ఓసారి చూసి పెట్టండి."

ఐదు నిమిషాల్లో ఆయన ఒక తలకిందులు ముక్కని పట్టేశాడు. ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో ముగిసిన ప్రతి బొంతా ఆయన కళ్ళ ముందునుంచే పోవాలి. ప్రతి బొంతలోనూ ఒక తప్పు దొరికేది.

సంబరం ఒక నెల సాగింది. ఆ తర్వాత ఆయనకి గుండెల్లో రాయి పడింది. పాత చొక్కాలూ, కర్టెన్లూ, గౌన్లూ కత్తిరించి ముప్ఫై ఏళ్ళుగా బొంతలు కుడుతున్న మనిషి. స్కేలు పెట్టకుండా కత్తిరించినా నూలుపోగంత తేడా రాని చెయ్యి. అలాంటి మనిషి బొంత బొంతకీ తప్పు చేస్తోందంటే కారణం ఒక్కటే. ఆవిడ చూపు పోతోంది.

ఆ మాట ఆవిడతో ఎలా అనాలి? ఆయన ఎందరో రచయితల ప్రూఫులు దిద్దాడు. తప్పులన్నీ ఒక్కసారి చూపిస్తే మనిషి ఎలా కుంగిపోతాడో ఆయనకి తెలుసు. అందుకని నోరు మెదపకుండా వైద్యం మొదలుపెట్టాడు. కుట్టుమిషను పైన పెద్ద బల్బు బిగించాడు. క్యారెట్లు కళ్ళకి మంచివని ఎప్పుడో దిద్దిన ఒక ఆరోగ్య పుస్తకంలో ఉంది. ఆర్నెల్లుగా ఉడికించిన క్యారెట్టు, తురిమిన క్యారెట్టు, పచ్చి క్యారెట్టు, పూటకొకటి ఆవిడ చేతిలో పెడుతున్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి ఒక్కసారి చూసి, మాట్లాడకుండా నమిలేది. మూడు రోజుల క్రితం ఒక పచ్చి క్యారెట్టు దగ్గర ఎడమవైపు దవడపన్ను ఠప్పున విరిగింది. ఇవాళ పళ్ళ డాక్టరు ఎందుకో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

అలాంటి సమయంలో ఈ ఆరు బొంతలు. పెద్దవీధిలో చేతిపనుల సామాను అమ్మే కొట్టు ఒకటి తెరిచారు. దాని యజమానురాలు ఇంటికొచ్చి చూసి, ఆరు బొంతలు అడిగింది. నచ్చితే ఇక ఏడాది పొడుగునా కొట్టు అద్దాలకిటికీలో పిన్ని బొంతలే ఉంటాయి. ఒక్క అతుకు వంకరగా ఉన్నా ఆరూ వెనక్కి వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా సంతలో బల్ల మీద ఎండకీ వానకీ కూర్చుని అమ్ముకున్న మనిషి ఆ అద్దాలకిటికీ మాట విన్నరోజు కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది. ఆ కూనిరాగం ఆయన చెవుల్లో ఇంకా ఉంది. ఈ ఆరింటిలో ఒక్క తప్పు కూడా కొట్టు గడప తొక్కకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

మామూలుగా తప్పు దగ్గర గుండుసూది గుచ్చేవాడు. పోయిన వారం మరిచిపోయిన ఒక గుండుసూది మీద తనే కూర్చోవడంతో వాటికి దణ్ణం పెట్టేశాడు. సుద్దముక్కతో గీస్తే మడతపెట్టగానే చెరిగిపోతుంది. ఆలోచిస్తుంటే డబ్బాలో ఎర్రదారం రీలు కనిపించింది. ఎర్రరంగు చూడగానే ఆయన ప్రాణం లేచివచ్చింది. దిద్దుబాటు అన్నాక ఎరుపే కదా! వదులుగా పొడుగు కుట్లు వేస్తే ఆవిడ ఒక్క లాగుతో లాగేయొచ్చు. ఇది కుట్టడం కిందికి రాదని, రాయడం కిందికే వస్తుందని తనకి తానే తీర్పు చెప్పుకుని సూదిలో దారం ఎక్కించాడు.

మొదటి బొంతలో పిట్టల బొమ్మల ముక్క ఒకటి కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. దాని చుట్టూ సున్నా చుట్టి, గీత అంచుదాకా లాగి, అక్కడ 'పిట్టలు పడిపోతున్నాయి, నిలబెట్టాలి' అని దారంతో రాశాడు. రెండోదాంట్లో ఒకే పచ్చగళ్ళ ముక్క పక్కపక్కన రెండుసార్లు పడింది. 'ఒకసారి చెప్పింది మళ్ళీ వద్దు' అని రాశాడు. మూడోదాంట్లో రెండు ముక్కల మధ్య అతుకు కొంచెం వెడల్పయింది. 'మధ్య ఎడం ఎక్కువ. దగ్గరికి జరగాలి' అన్నాడు. నాలుగోదాంట్లో పూలన్నిటి మధ్య ఒక వెలిసిన నీలం ముక్క కనబడితే కొట్టేస్తూ అడ్డంగా గీత కుట్టాడు. కుట్టాక తేరిపార చూస్తే అది ఆయన అచ్చాఫీసుకి తొడుక్కెళ్ళిన చొక్కా. మూలన సిరామరక కూడా ఉంది.  గీత కింద వరసగా చుక్కలు పెట్టి, ప్రూఫుల్లో కొట్టేసినదాన్ని మళ్ళీ బతికించే మాట రాశాడు. 'ఉండనీ.' ఐదోదాంట్లో ఒక ముక్క ఏ రంగో ఆయనకే తేలక 'ఏమిటిది?' అని ఊరుకున్నాడు.

ఇలా ఒకటీ రెండూ చొప్పున ఆరు బొంతల్లో పదకొండు తప్పులు పట్టాడు. పదకొండోదాని దగ్గర సూది విరిగింది. మడతపెట్టిన బొంతల్ని వసారా బల్లమీద దొంతిగా పెట్టి, కొత్త సూది కోసం మలుపులో ఉన్న దుకాణానికి వెళ్ళాడు. వెళ్ళి రావడానికి మూడు నిమిషాలు చాలు. అయితే ఆ దుకాణంవాడు ఆ ఉదయమే కొత్త బోర్డు పెట్టాడు. 'అన్ని రంగుల దరాలు ఇచట దొరుకును.'

"ఏమయ్యా, దారాలా, ధరలా?" అన్నాడు ఆయన, మెట్టు ఎక్కకుండానే.

"రెండూ ఉన్నాయి బాబాయ్! ఏం కావాలి?"

"నాక్కావలసింది ఒక దీర్ఘం."

"ఆ కంపెనీ సరుకు మా దగ్గర లేదండీ."

దీర్ఘం అంటే ఏమిటో, అది 'ద' పక్కన ఎందుకుండాలో, లేకపోతే ఏమవుతుందో చెప్పేసరికి అరగంట అయింది. దుకాణంవాడు చివరికి రంగు డబ్బా తెచ్చి ఆయన చేతికే ఇచ్చేశాడు. ఆయన స్టూలెక్కి బోర్డుకి న్యాయం చేసి, తృప్తిగా సూది కొనుక్కుని ఇంటికొచ్చాడు. బల్లమీద బొంతల్లేవు. ఒక చీటీ ఉంది. 'సరుకు మట్టినది. దారిలో పడి తొందరగా వచ్చాను. వ్యాను డ్రైవరు.'

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి 'మట్టినది'ని 'ముట్టినది' చేశాడు. తర్వాత, దారిలో పడిందెవరు, దారిలో పడినందుకా తొందరగా వచ్చింది అని వాక్యాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఆ తర్వాతే అర్థం తలకెక్కింది.

మలుపుదాకా పరిగెత్తాడు. వ్యాను జాడ లేదు. కొట్టుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చెమటలు కారుతూ వసారాలో పచార్లు చేస్తుంటే, డాక్టరు దగ్గర ఆలస్యమై పన్నెండు దాటాక పిన్ని వచ్చింది, బుగ్గలో దూదితో, మొహం సగం మత్తుతో. పైపెదవీ కిందిపెదవీ ఒకదానికొకటి అందడం లేదు. అందుకని 'ప' నుంచి 'మ' వరకు ఒక వరస అక్షరాలన్నీ ఆవిడ మాటల్లోంచి ఎగిరిపోయాయి.

"ఒంతలెక్కడ?" అంది.

అక్షరాలు ఎగిరిపోయిన మాటల్ని పూరించుకోవడం ఆయనకి కొత్త కాదు. "బొంతలు వెళ్ళిపోయాయి," అన్నాడు. "వ్యాను ముందే వచ్చింది."

"అయితే ఏం! తప్పులు చూశారుగా?" అనాలనుకుంది. "తఉఉలు చూశారుగా?" అని వచ్చింది.

"చూశాను. గుర్తు కూడా పెట్టాను." ఆయన నేలచూపులు చూశాడు. "ఎర్రదారంతో. రాశాను."

"ఎర్రదారంతోనా!" అంది పిన్ని. ఆ మాటలో పెదవులు కలవాల్సిన అక్షరం ఒక్కటీ లేకపోవడంతో అది గంట కొట్టినట్టు వినిపించింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కొట్టు యజమానురాలు. వెనకాల సంతలో ఉన్నంత గోల.

"బాబాయిగారూ, ఈ బొంతలమీద ఎర్రరాతలు ఎవరివండీ? నేను చూసుకోకుండా అద్దాల్లో పెట్టేశాను... జనం ఆగడం లేదు... నావల్ల కావడం లేదు, మీరిద్దరూ వెంటనే..."

ఫోను తెగింది. జనం ఆగడం లేదు! ఆయన కళ్ళముందు అద్దాలు పగిలిన కిటికీ కదలాడింది. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క పూటలో, అదీ తన చేత్తో, అదీ ఎర్రదారంతో పెద్దవీధిలో ఆరేశాడు. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన ఆవిడ కళ్ళనే చూస్తూ ఒక నిర్ణయానికి వచ్చాడు. అబద్ధమాడాలి. ఆవిడ చూపు సంగతి ఎవరికీ తెలియకూడదు. తప్పులన్నీ తన నెత్తినే వేసుకోవాలి.

కొట్టు ముందు నిజంగానే జనం ఉన్నారు. ఆయన వాళ్ళని తోసుకుంటూ లోపలికి వెళ్ళి, ఎవరూ అడక్కముందే గొంతెత్తాడు.

"అయ్యా, అమ్మా! ఆవిడ కుట్టినదాంట్లో వంక లేదు. ఆవిడ చెయ్యి అలాంటిది కాదు. ఈ బొంతల్లో కనబడే అవకతవకలన్నీ, ఆ రాతలతో సహా, నావి. కావాలని చేశాను. అనాలనుకున్నవి నన్ను అనండి!"

 యజమానురాలు ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ ఆలోచన మీదేనన్నమాట! బాబాయిగారూ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ కళ?"

 ఆవిడ గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. బొంతలు కిటికీలో పెట్టగానే ఎవరో భార్యాభర్తలు కొట్టుకి వచ్చారట. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర, ఒకరి మొహం ఒకరు చూడకుండా సామాను చూస్తున్నారు. ఇద్దరూ ఒకేసారి ఆ బొంత దగ్గరికి వచ్చి 'మధ్య ఎడం ఎక్కువ. దగ్గరికి జరగాలి' అని చదివారు. భర్త దగ్గాడు. భార్య నవ్వింది. మడత కూడా పెట్టనివ్వకుండా చెరో కొసా పట్టుకుని మోసుకెళ్ళారట. బావమరిది నెలకోసారి వచ్చి పాత కథలే చెబుతాడని వాపోయిన ఒకాయన 'ఒకసారి చెప్పింది మళ్ళీ వద్దు' కొని, ముందుగదిలో గోడకి తగిలిస్తానన్నాడు. ఒక పెద్దావిడ నీలం ముక్క కింది చుక్కల్ని వేలితో తడుముతూ చాలాసేపు నిలబడింది. 'ఉండనీ' అని పైకి చదువుకుని, బేరమాడకుండా తీసుకెళ్ళింది. 'ఏమిటిది?' కోసం ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. బయటి గోల అదే.

"ఇక అద్దాలకిటికీ మీదే పిన్నిగారూ," అంది యజమానురాలు. "నాకు ఇంకో ఇరవై కావాలి. ఇలాగే. ప్రతిదాంట్లో ఒక తప్పు ఉండాలి, పక్కన బాబాయిగారి ఎర్రమాట ఉండాలి. తప్పు లేకుండా వస్తే మాత్రం వెనక్కి పంపేస్తాను, ముందే చెబుతున్నా!"

పిన్ని బుగ్గమీద చెయ్యి పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియని మొహంతో తల ఊపింది. అద్దాలకిటికీ ముందు ఆగి, తన పిట్టల బొంతని అవతలివైపునుంచి, కొనుక్కునే మనిషిలా, చాలాసేపు చూసుకుంది.

బస్సు కోసం ఆగిన చోట బెంచీమీద కూర్చున్నాక ఆయన ఇక దాచలేకపోయాడు. మంచివార్త వచ్చిన రోజే చెడ్డవార్త చెప్పడం నయమనుకున్నాడు.

"నీతో ఒకటి చెప్పాలి. భయపడకు. నీ చూపు తగ్గుతోంది."

"నా చూఉకేం?" అంది ఆవిడ.

"ఏడాదిగా ఒక్క బొంత కూడా తప్పు లేకుండా రాలేదు. నీకు తెలిస్తే కుంగిపోతావని దాచాను. పెద్ద బల్బు పెట్టాను. ఆర్నెల్లుగా క్యారెట్లు..."

"క్యారెట్లు నా కళ్ళకోసమా!" మత్తు దిగుతోంది, అక్షరాలు ఒక్కొక్కటే ఇంటికి చేరుతున్నాయి. ముందుగా 'మ' వచ్చింది. "మీకే క్యారెట్ల... అదేదో... పిచ్చి పట్టిందనుకున్నాను! రిటైరైనవాళ్ళకి ఏదో ఒకటి పట్టుకుంటుందటగా. కాదంటే మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటారేమోనని నోరు మూసుకుని తిన్నాను. పన్ను కూడా పోగొట్టుకున్నాను!"

"మరి ఆ తప్పులు?"

"పెట్టాను."

"పెట్టడమేమిటి?"

"పెట్టానండీ. నేనే, కావాలనే. బొంతకొకటి." ఆవిడ చీర కొంగుతో బుగ్గ ఒత్తుకుంది. "ఆ రెండో నెల మీరు కూర్చున్న తీరు చూడలేకపోయాను. మనిషి కుర్చీలోనే ఉన్నాడు గానీ ఇంట్లో లేడు. ఒక తప్పు కనబడితే లేచి వస్తారనుకున్నాను. వచ్చారు. ఇక మానడం ఎలా? సరిగ్గా కుట్టడానికి నాకు కష్టం లేదు. తప్పు కుట్టడానికే ప్రాణం పోయేది. చెయ్యి వినేది కాదు. ఒక్క ముక్క తలకిందులుగా పెట్టడానికి గంట పట్టేది."

 ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినా మసక పోలేదు. ఏడాదిగా తను ఆవిడని కాపాడుతున్నాననుకున్నాడు. ఆవిడ తనని మోస్తోంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఇంత పెద్ద పొరపాటు చదవలేదు.

"ఈ ఆరింట్లో ఆరు పెట్టాను," అంది పిన్ని, కొంచెం గర్వంగా. "అన్నీ పట్టారా?"

ఆయన పట్టినవి పదకొండు. అద్దాలు పెట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాడు. ఆరు బొంతలకి అయిదు సొంత తప్పులంటే అచ్చాఫీసు లెక్కలో అది దాదాపు నిర్దోషం.

"ఆరే," అన్నాడు. "ఒక్కటి కూడా ఎక్కువ లేదు."

ఆవిడ ఆయన భుజానికి తల ఆనించింది, నొప్పి లేని వైపునుంచి. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు. కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది.

"మరి ఆ ఇరవై బొంతలకి తప్పులు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"నావల్ల కాదు. మీకు తెలిసిపోయాక ఇక పెట్టలేను," అంది పిన్ని. "ఈసారి మీరు కుట్టండి. నేను గుర్తుపెడతాను."

మర్నాడు పొద్దున్నే ఆయన సూది పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆయన కుర్చీ వసారాలోకి లాక్కుని, కళ్ళద్దాలు సవరించుకుని, కొత్త ఎర్రదారం రీలు విప్పింది. మధ్యాహ్నానికి రీలు అయిపోయింది. బొంత మాత్రం ఇంకా మొదటి వరస దాటలేదు.